తమ్ముడికి టాంజానియాలో ఉద్యోగం, అమ్మకి ఎబోలా భయం. అసలు దేనికి భయపడాలి?

పటమట అక్క (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి దార్ ఎస్ సలాంలో ఒక పైపుల కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల ప్రయాణం. జీతం బాగుంది, ఫ్లాట్ కూడా కంపెనీయే ఇస్తోంది. సమస్యల్లా మా అమ్మ. ఆఫ్రికా అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆవిడకి అన్నం సయించడం లేదు. పక్క పోర్షన్ ఆవిడ ఫోన్‌లో ఎబోలా వీడియో ఒకటి చూపించింది. రక్తం కక్కుకుని పోతారట, శవాన్ని కూడా ఇంటికి ఇవ్వరట. ఇక అక్కణ్ణుంచి దుర్గమ్మకి మొక్కులు ఒక పక్క, మెడికల్ షాపు నుంచి శానిటైజర్ డబ్బాలు ఒక పక్క.

వాడి సంగతి ఇంకో రకం. నెట్‌లో ఏదో చార్ట్ చూసి, "ఎబోలా కన్నా మలేరియాకే ఎన్నో రెట్లు ఎక్కువ మంది పోతారంట అక్కా. మలేరియా మనకేం కొత్త? చిన్నప్పుడు నాకు రాలేదా?" అని నవ్వుతాడు. దోమతెర కొందామంటే సూట్‌కేసులో చోటు లేదంటాడు. బెంజ్ సర్కిల్‌లో హెల్మెట్‌ని హ్యాండిల్‌కి తగిలించుకుని తిరిగే బాపతు.

ఒకరిది అక్కర్లేని భయం, ఇంకొకరిది అక్కర్లేని ధైర్యం అనిపిస్తోంది. నిజంగా అంతేనా? ఈ జబ్బుల లెక్కలు ఎవరు కడతారు, ఎంతవరకు నమ్మొచ్చు? అక్కడి జనం దేనికి భయపడతారో ఎవరైనా చూసినవాళ్లు ఉన్నారా? నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. కాస్త వివరంగా రాసినా చదువుతాను.

సత్తెనపల్లి కుర్రోడు

అక్కా, టెన్షన్ వద్దు. మా బాబాయ్ మలావీలో పొగాకు కంపెనీలో గ్రేడర్. ఎప్పటి నుంచో అక్కడే ఉన్నాడు, రాయిలా ఉన్నాడు. ఏం కాదు, పంపించేయండి.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

బాబాయ్ గారు క్షేమంగా ఉండడం సంతోషమే. క్షేమంగా లేనివాళ్ల గురించి చెప్పడానికి వాళ్ల అన్న కొడుకులు ఇక్కడికి రారు కదా నాయనా.

అమ్మా, నేను దార్‌లోనూ, దానికి దక్షిణాన రుఫీజీ జిల్లాలోనూ కొన్నేళ్లు ఆరోగ్య సర్వేల డేటా పని చేశాను. ఇప్పుడు రిటైరై ఇంటి పట్టున ఉంటున్నాను. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మీ అమ్మగారి ముందు మ్యాప్ పరవండి. 2014లో ఎబోలా పెద్ద ఎత్తున వచ్చింది పశ్చిమాన గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో. 2016 దాకా సాగింది. 28 వేల మందికి పైగా సోకింది, 11 వేల మందికి పైగా పోయారు. ఆ లైబీరియా నుంచి దార్ ఐదు వేల కిలోమీటర్ల పైమాట. లైబీరియాకి దార్ కన్నా స్పెయిన్ దగ్గర. తమ్ముడికి స్పెయిన్‌లో ఉద్యోగం వచ్చుంటే ఈ డబ్బాలు కొనేవారా? టాంజానియాలో వచ్చింది ఎబోలా కాదు, దాని జాతిదే మార్‌బర్గ్. 2023లో ఒకసారి, 2025 మొదట్లో ఒకసారి, రెండుసార్లూ కగేరా ప్రాంతంలోనే. అది దేశానికి వాయవ్య మూల, రువాండా, ఉగాండా సరిహద్దున ఉంటుంది. దార్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఉంటుంది. రెండుసార్లూ మూడు నెలలు తిరక్కుండానే అయిపోయిందని ప్రకటించారు.

ఇక మలేరియా. 2023లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 6 లక్షల మంది మలేరియాతో పోయారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. నూటికి 95 చావులు ఆఫ్రికాలోనే. వాటిలో నాలుగింట మూడొంతులు ఐదేళ్లలోపు పిల్లలవి. దేశాలవారీగా చూస్తే సగానికి పైగా చావులు నైజీరియా, కాంగో, నైజర్, టాంజానియాల్లోనే. అంటే తమ్ముడు వెళ్తున్నది ఆ నాలుగింట్లో ఒకదానికి. వాడు చూసిన చార్ట్ నిజమే. అది చూసి వాడు తేల్చుకున్నది మాత్రం తలకిందులు.

లెక్కలు ఎవరు కడతారని అడిగారు. అక్కడ చాలా పల్లెల్లో చావులు రిజిస్టరు కావు. డాక్టరు చూడకుండానే మనిషి పోతాడు, ఇంటి వెనకో పొలం గట్టునో పూడ్చిపెడతారు. అందుకని ఇంటింటికీ తిరిగి, ఆ ఇంట్లో ఎవరైనా పోతే ఎలా పోయారో కూర్చుని అడిగి రాసుకుంటారు. వర్బల్ అటాప్సీ అంటారు దీన్ని. మనిషి పోయిన వెంటనే వెళ్లరు, దుఃఖం కొంత సర్దుకోనిస్తారు. మా ఇంటర్వ్యూయర్లు ఎక్కువగా ఆ ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లే. చాప మీద కూర్చుని, ముందు ఏమీ అడక్కుండా ఆ తల్లి చెప్పిందంతా వినేవాళ్లు. తర్వాత ఫారం తీసేవాళ్లు. జ్వరం ఎన్నాళ్లు? రోజంతా ఉండేదా, వచ్చి పోయేదా? ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద లోపలికి లాక్కునేదా? ఒళ్లు బిగుసుకుపోయిందా? తెల్లగా పాలిపోయిందా? ఆ ఫారాలు చదివి డాక్టర్లు విడివిడిగా కారణం రాస్తారు, ఇద్దరికీ కుదరకపోతే మూడో డాక్టరు చూస్తాడు. కంప్యూటర్ వచ్చాక కొంత అదే తేలుస్తోంది. కాగితాల కట్టలు నా టేబుల్ మీదికి వచ్చేసరికి అవి అంకెలైపోయేవి. అయినా కొన్ని ఫారాల అంచున ఇంటర్వ్యూయర్ పెన్సిల్‌తో రాసిన ముక్కలు ఉండేవి: "తల్లి ఇక్కడ ఆగిపోయింది, మళ్లీ రమ్మంది" అని.

వాటిలో తరచుగా కనిపించిన మాట డెగెడెగె. జ్వరంతో పసిపిల్లకి ఫిట్స్ వచ్చి కళ్లు తేలేస్తే అక్కడ అలా అంటారు. పక్షి లాంటిదేదో మీదుగా పోయిందని, దెయ్యం సోకిందని నమ్మకం. మన దగ్గర పక్షిదోషమని తాయెత్తు కట్టించరూ, అలాంటిదే. నాటువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. డెగెడెగె వచ్చిన పిల్లకి సూది పొడిస్తే చచ్చిపోతుందని గట్టి నమ్మకం. దీని మీద టాంజానియాలో చాలా పరిశోధనలు జరిగాయి. విన్నవాళ్లు అజ్ఞానం అనేస్తారు. కానీ ఒక్కసారి ఆ తల్లి వైపు నుంచి చూడండి. మెదడుకెక్కిన మలేరియాతో, ఆలస్యంగా, చివరి గంటల్లో ఆస్పత్రికి చేరిన పిల్లలనే ఆవిడ చూసింది. సూది వేశారు, పిల్ల పోయింది. ఊళ్లో కళ్లారా చూసిన రెండు మూడు సంఘటనలు చాలవూ? ఆ నమ్మకం గాల్లోంచి పుట్టింది కాదు, చూసినదాంట్లోంచే పుట్టింది. ఆలస్యమే చంపిందని ఆవిడకి చెప్పినవాళ్లు లేరు.

మామూలు జ్వరానికి మాత్రం అదే తల్లి మాత్రలు కొనుక్కొస్తుంది. మామూలు జ్వరం, డెగెడెగె ఆవిడ దృష్టిలో రెండు వేర్వేరు జబ్బులు. ఆరోగ్య శాఖ వాళ్లు దోమల పోస్టర్లు ఎన్ని అంటించినా ఈ ముడి విప్పకపోతే లాభం లేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

సత్తెనపల్లి కుర్రోడు

మాస్టారూ, ఎంత చెప్పినా చదువు లేకపోవడమే కదా కారణం. కాంగోలో ఎబోలా డాక్టర్ల మీదే దాడులు చేశారంట. మందు ఇవ్వడానికి వచ్చినవాళ్లని కొట్టడం ఏంటి?

ఎస్పీఎం పీజీ (గుంటూరు)

కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. దీనికి నేను చెప్తాను.

2018 ఆగస్టు నుంచి 2020 దాకా కాంగో తూర్పు భాగంలో ఎబోలా వచ్చింది, 2,200 మందికి పైగా పోయారు. 2018 సెప్టెంబర్‌లో బేని, బుటెంబో పట్టణాల్లో 961 మందిని అడిగి చేసిన సర్వే ఒకటి లాన్సెట్ అనే వైద్య పత్రిక వాళ్ల జర్నల్లో వచ్చింది. నలుగురిలో ఒకరు అసలు ఎబోలా లేనే లేదన్నారు. స్థానిక అధికారులను నమ్ముతున్నామన్నవాళ్లు మూడో వంతు కూడా లేరు. నమ్మకం లేనివాళ్లు టీకాకి కూడా అంత సుముఖంగా లేరు.

ఎందుకు నమ్మాలి చెప్పండి? ఆ ప్రాంతంలో సాయుధ ముఠాలు ఏళ్ల తరబడి ఊళ్ల మీద పడి నరుకుతున్నాయి. అప్పుడెవరూ రాలేదు. పిల్లలు మలేరియాతో, తట్టుతో పోతుంటే ఎవరూ రాలేదు. ఎబోలా అనగానే సహాయ సంస్థల తెల్ల జీపులు బారులు తీరాయి. "మేం ఎలా చచ్చినా పట్టని మీకు ఈ ఒక్క చావు మీదే ఇంత ప్రేమ ఏంటి?" అన్నది వాళ్ల ప్రశ్న. ఎబోలా పేరుతో ఎవరో సంపాదించుకుంటున్నారన్న అనుమానం అక్కణ్ణుంచే వచ్చింది. 2019లో మొదలైన తట్టు వ్యాధితో కాంగోలో 6 వేల మందికి పైగా పోయారు. ఎబోలా చావుల కన్నా రెట్టింపు మించి. తట్టుకి టీకా ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు చెప్పండి, ఏది పెద్ద జబ్బో సరిగ్గా గుర్తుపట్టింది ఆ జనమా, జీపుల్లో వచ్చినవాళ్లా? దాడుల్లో ఆరోగ్య సిబ్బంది చచ్చిపోయారు, దాన్ని ఎవరూ సమర్థించరు. కానీ చదువు లేక అన్న ఒక్క మాటతో తేలే సంగతి కాదది.

చదువుకున్న మన సంగతి చూద్దాం. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవి గుడిలో సర్పయాగం చేశారు, గుర్తుందా? జనం భయానికి అది జవాబే, కాదనను. కానీ పాముకాటుని సర్కారీ లెక్కలు ఎప్పుడైనా పట్టించుకున్నాయా? మాస్టారు చెప్పిన పద్ధతిలోనే మన దేశంలో ఇంటింటికీ తిరిగి అడిగితే, 2005లో పాముకాటు చావులు దాదాపు 46 వేలని తేలింది. ఆస్పత్రుల రికార్డుల్లో ఉన్నవి అందులో చిన్న ముక్క. రాష్ట్రాల్లో ఉత్తరప్రదేశ్ తర్వాత స్థానం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. ఆఫ్రికాలోనూ ఇదే కథ. కాటు పడేది పొలంలో పనిచేసేవాళ్లకి, వాళ్ల దగ్గర డబ్బుండదు. అక్కడ బాగా పనిచేసే ఒక విరుగుడు మందు తయారీని 2014లో లాభం లేదని ఫ్రెంచి కంపెనీ ఆపేసింది. డబ్ల్యూహెచ్‌ఓ పాముకాటుని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది 2017లో.

ఇక పటమట అక్కగారికి. తమ్ముడికి చిన్నప్పుడు వచ్చింది వైవాక్స్ రకం మలేరియా అయ్యుండొచ్చు, మన దగ్గర అది మామూలే. టాంజానియాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, రెండు మూడు రోజులు ముదరనిస్తే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకి మళ్లీ మళ్లీ వచ్చి కొంత తట్టుకునే శక్తి ఉంటుంది, మనవాళ్లకి ఉండదు. ఆఫీసులో కొలీగ్ జ్వరంతోనే డ్యూటీ చేస్తున్నాడు కదా అని తనూ చేయకూడదు. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష. పారాసిటమాల్ వేసుకుని పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. ముందుజాగ్రత్త మాత్రలు ఏవి వాడాలో, ఎన్నాళ్లు వాడాలో వెళ్లేముందు డాక్టరుని కలిసి తేల్చుకోండి. ఎక్కువకాలం ఉండేవాళ్లకి ఆ లెక్క వేరు. సెలవులకి ఇంటికొచ్చాక జ్వరం వచ్చినా, టాంజానియా నుంచి వచ్చానని డాక్టరుకి తనే చెప్పాలి. మన డాక్టరు డెంగ్యూ అనుకుని ప్లేట్‌లెట్లు చూస్తూ కూర్చునే ప్రమాదం ఉంది.

తెనాలి డౌటు

అందరూ 6 లక్షలు, 95 శాతం అని గడగడా చెప్తున్నారు. రిజిస్టరే లేని చోట ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మోడల్స్, అంటే దొరికిన కొద్ది డేటాతో కట్టిన అంచనాలు. 2010 సంవత్సరానికి మలేరియా చావులు 6 లక్షల 55 వేలని డబ్ల్యూహెచ్‌ఓ అంది. అదే ఏడాదికి అమెరికాలో సియాటెల్‌లోని ఐహెచ్‌ఎంఈ అనే ఆరోగ్య గణాంకాల సంస్థ వాళ్లు 12 లక్షల 40 వేలని లాన్సెట్‌లో రాశారు. ఇంచుమించు రెట్టింపు. ఇలాంటి అంకెలు పట్టుకుని ఆవిడ వాళ్ల అమ్మ భయం తప్పని ఎలా చెప్తాం?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

డౌటు గారూ, సరైన చోటే పట్టుకున్నారు. ఆ తేడాలో ఎక్కువ భాగం పెద్దవాళ్ల చావుల దగ్గర వచ్చింది. పిల్లల్లో మలేరియా కొంత గుర్తుపట్టొచ్చు. పెద్దవాడు జ్వరంతో పోయాడని ఇంట్లోవాళ్లు చెబితే అది మలేరియానా, టైఫాయిడా, ఇంకేదైనానా అని ఫారం చూసి చెప్పడం కష్టం. నేను ఆ ఫారాలు చూసినవాణ్ణి కాబట్టి పెద్దవాళ్ల అంకెని అంత గట్టిగా పట్టుకోను. కానీ మీరు చెప్పిన రెండింట్లో చిన్న అంకె తీసుకున్నా, ఆ ఒక్క ఏడాది మలేరియా చావులు పశ్చిమ ఆఫ్రికా ఎబోలా మొత్తం మీద పోయినవాళ్లకి యాభై రెట్లు మించుతాయి. అక్కగారి ఇంటి తగువు తీర్చడానికి అది చాలు.

లెక్క లేకపోతే ఏమవుతుందో కూడా చూశాం. కోవిడ్ మొదలైన కొత్తలో టాంజానియా 2020 మేలో 509 కేసుల దగ్గర లెక్కలు చెప్పడం ఆపేసింది. ప్రార్థనలతో జబ్బు పోయిందన్నారు అప్పటి అధ్యక్షుడు మగుఫులి. ఏడాదికి పైగా అంకె కదల్లేదు. జబ్బు ఆగిందా?

లెక్క ఉంటే ఏమవుతుందో కూడా ఆ దేశంలోనే జరిగింది. 1990ల్లో మొరొగోరో, రుఫీజీ జిల్లాల్లో ఒక ప్రయోగం చేశారు. ఏ జబ్బు వల్ల ఎన్ని ఏళ్ల ఆయుష్షు పోతోందో లెక్కేశారు. ఇది తలల లెక్క కాదు, ఏళ్ల లెక్క. అరవై ఏళ్లవాడు పోతే పోయేవి కొన్నేళ్లు, మూడేళ్ల పిల్ల పోతే ఒక నిండు జీవితం. చచ్చిపోకుండా ఏళ్ల తరబడి కళ్లు పోయో కాళ్లు పోయో బతికితే ఆ బాధని కూడా కొంత వంతున కలిపి చూసేదే డాలీ అనే కొలత. 1993లో ప్రపంచ బ్యాంకు నివేదికతో అది బాగా వాడుకలోకి వచ్చింది. మొరొగోరోలో పోతున్న ఏళ్లలో మలేరియా వాటా 30 శాతం ఉంటే, 1996 జిల్లా ఆరోగ్య బడ్జెట్‌లో దానికి దక్కింది 5 శాతం. ఎవరో కుట్ర చేసి తగ్గించింది కాదు. పై నుంచి వచ్చే స్కీముల డబ్బు ఆ స్కీములకే పోతుంది, మిగిలింది నిరుటి పద్దు చూసి పంచుతారు. మన జిల్లా పరిషత్తులు చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. లెక్క కళ్లముందు పెట్టి, మనిషికి ఏడాదికి ఒక డాలరు కూడా కాని సొమ్ము అదనంగా ఇచ్చి, ఎక్కడ ఖర్చు పెట్టాలో జిల్లావాళ్లనే తేల్చుకోమన్నారు. రుఫీజీలో 1999లో వెయ్యికి 100 ఉన్న శిశుమరణాలు మరుసటి ఏడాదికి 72కి దిగాయి. ఆ తగ్గుదలంతా ఈ ఒక్క కారణంతోనేనని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ లెక్క కూడా మా ఫారాల్లాంటి వంకర టింకర కాగితాల మీదే నడిచింది.

మీ అమ్మగారి విషయంలో మాత్రం మీరు అంకెలు జపించకండమ్మా. భయానికి అంకెతో పని లేదు. పాల్ స్లోవిక్ అనే సైకాలజిస్టు 1987లోనే రాశాడు. చూస్తేనే ఒళ్లు జలదరించేది, మన చేతిలో లేనిది, కొత్తది మనల్ని ఎక్కువ భయపెడతాయని. ఎబోలాలో ఆ మూడూ ఉన్నాయి. మలేరియా ఇంట్లో మనిషిలాగా పాతబడిపోయింది, అదే తమ్ముడి నిర్లక్ష్యానికి మూలం. అమ్మగారికి కావాల్సింది తన చేతిలో ఏదో ఉందన్న ధైర్యం. మాత్రల పట్టీ, మలేరియా పరీక్ష కిట్లు ఎక్కడ దొరుకుతాయో ఆ వివరాలు ఆవిడ చేతికే ఇచ్చి, రోజూ ఫోన్‌లో "తెర కట్టావా?" అని అడిగే పని ఆవిడకే అప్పగించండి. తెర మాత్రం ఇక్కణ్ణుంచి మోయక్కర్లేదు, దార్‌లో మందు పూసిన తెరలు బజార్లో దొరుకుతాయి.

ఇంకొకటి. అక్కడ ఆటోని బజాజి అంటారు, మన బజాజే. మోటార్ సైకిల్ టాక్సీని బోడాబోడా అంటారు. రోడ్డు చావుల రేటు ప్రపంచంలో ఆఫ్రికాలోనే ఎక్కువ. మీ తమ్ముణ్ణి బజాజి ఎక్కమనండి, బోడాబోడా వద్దనండి. ఆ హ్యాండిల్ మీది హెల్మెట్ గుర్తొచ్చి నాకు అసలు భయం అక్కడే వేస్తోంది.

పటమట అక్క (విజయవాడ)

మాస్టారికి, డాక్టర్ గారికి నమస్కారాలు. డౌటు గారికి కూడా. మాస్టారు చెప్పినట్టే చేశాను. రాత్రి అమ్మతో కూర్చుని మ్యాప్ చూపించాను. స్పెయిన్ మాట పనిచేసింది. తెర పర్యవేక్షణ తనకే అప్పగిస్తున్నామనగానే పరీక్ష కిట్ ఖరీదెంతో కనుక్కోమంది. తమ్ముడు థ్రెడ్ మొత్తం చదివి డెగెడెగె దగ్గర ఆగిపోయాడు. డాక్టరు దగ్గరికి వస్తానన్నాడు. హెల్మెట్ మాటెత్తితే మాత్రం ఫోన్ చూసుకుంటున్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అని ఏజెంట్ అంటున్నాడు, కంపెనీ వాళ్లు అక్కర్లేదంటున్నారు. ఏది నిజం? ఆఫీసు పని మీద అప్పుడప్పుడు నైరోబీ కూడా వెళ్లాల్సి ఉంటుందట.

ఎస్పీఎం పీజీ (గుంటూరు)

నైరోబీ ఉందంటే వేయించేయండి. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లని టాంజానియా అడగదు, కంపెనీ మాట అక్కడికి నిజమే. కానీ కెన్యా ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉంది. అక్కణ్ణుంచి టాంజానియాకి తిరిగొచ్చేటప్పుడు టీకా కార్డు అడుగుతారు. కెన్యా నుంచి ఇండియాకి వచ్చేటప్పుడు కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది కాబట్టి ప్రయాణం వారం ముందు పరుగెత్తితే లాభం లేదు. ఒక్క డోసు చాలు, జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ముందే ఫోన్ చేసి ఏ రోజుల్లో వేస్తున్నారో కనుక్కుని, పాస్‌పోర్ట్ పట్టుకుని వెళ్లమనండి. గుడ్డు పడని అలర్జీ ఉంటే అక్కడ తప్పకుండా చెప్పాలి.